కాట్స్‌వోల్డ్స్ రాతి ఇల్లు: గోడ చెమ్మ వదలకపోతే

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో 17వ శతాబ్దపు రైతుల ఇళ్లు చాలావరకు సున్నపురాతితో కట్టినవే. వాటిని కొన్నవాళ్లను ఎక్కువగా వేధించేది చెమ్మ.

సమస్య: లోపలి గోడ కింది భాగంలో పెయింటు పొక్కిపోతుంది, తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. బయట రాళ్లు పెచ్చులూడి గుంటలు పడతాయి, వేలితో రుద్దితే పొడి రాలుతుంది. రాళ్ల సందుల్లోని సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా పైకి పొడుచుకొచ్చి ఉంటుంది.

కారణం: ఆ సిమెంటే. ఈ గోడలు దాదాపు అర మీటరు మందం. లోపలో వరస, బయటో వరస రాళ్లు, మధ్యలో రాళ్లముక్కలు, మట్టి, సున్నం. చెమ్మను అడ్డుకునే పొర పునాదిలో ఉండదు. వానకు గోడ కొంత నీరు పీలుస్తుంది, తెరిపి ఇవ్వగానే మెత్తటి సున్నపు సందుల్లోంచి ఆవిరిగా వదిలేస్తుంది. 20వ శతాబ్దపు మరమ్మతుల్లో ఆ సందుల్ని సిమెంటుతో మూసేశారు. ఇక నీరు రాతిలోంచే బయటపడాలి. దాంతోపాటు వచ్చే ఉప్పు, చలికాలంలో రాతిలోని నీరు గడ్డకట్టడం కలిసి రాతిని తినేస్తాయి.

పరిష్కారం: ముందు బయట చూడండి. గోడ పక్కన మట్టి లోపలి నేల కంటే ఎత్తుగా ఉంటే తవ్వి దించండి, కప్పు అంచున వాననీటిని పట్టే గట్టర్లు బాగుచేయండి. చాలా ఇళ్లలో సగం చెమ్మ దీనితోనే పోతుంది. తర్వాత సిమెంటును ఉలితో, ఓపిగ్గా తీయించండి. గ్రైండర్ పెడితే రాతి అంచులు పోతాయి. సందుల్లో సున్నం, ఇసుక కలిపిన గచ్చు నింపి, తడి గోనెపట్టాలు కప్పాలి. 5 డిగ్రీల కంటే చలి ఉంటే ఈ పని మొదలుపెట్టొద్దు. లోపల ప్లాస్టిక్ పెయింటు తీసేసి సున్నం వేయాలి. గోడ ఆరడానికి నెలలు పడుతుంది, తొందరపడకండి.

చెమ్మ ఆపడానికి గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. మధ్యలో ఖాళీలున్న గోడలో ఆ మందు తెగకుండా పరుచుకోదు. చెమ్మ కొలిచే చేతి మీటరు అంకెనూ నమ్మొద్దు: గోడలో ఉప్పున్నా అది తడి అనే చూపిస్తుంది.

కప్పు రాతిపలకలు జారుతుంటే: చాలాసార్లు పలక బాగానే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే ఓక్ కర్ర మేకు పుచ్చిపోతుంది. పలకలు దించి, మేకులు మార్చి, అవే తిరిగి పరిపించండి. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి: ఆ వరస తప్పకూడదు. ఇంగ్లిష్ డిజైనర్, రచయిత విలియం మోరిస్ 1871లో అద్దెకు తీసుకున్న పాత ఇల్లు కెల్మ్‌స్కాట్ మేనర్ కప్పు చూస్తే ఆ అందం తెలుస్తుంది. పలకల అడుగున స్ప్రే ఫోమ్ కొట్టించొద్దు, కప్పు కర్రలు లోపలే కుళ్లిపోతాయి.

గోడ ఉబ్బితే: రెండు వరసలూ విడిపోతున్నాయేమో. వెంటనే పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరును పిలవండి.

ఇల్లు పాత కట్టడాల రక్షిత జాబితాలో (లిస్టెడ్) ఉంటే, దాని స్వరూపం మారే పని అనుమతి లేకుండా చేయడం 1990 చట్టం ప్రకారం నేరం. సిమెంటు మీద ఉలి పెట్టకముందే స్థానిక కౌన్సిల్‌లో పాత కట్టడాల విషయం చూసే కన్జర్వేషన్ ఆఫీసరుతో మాట్లాడండి. పని పద్ధతుల్లో సందేహాలుంటే, మోరిస్ తదితరులు 1877లో స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం ఇప్పటికీ సలహా ఇస్తుంది.