ఇంట్లో ఒకరికి సీలియాక్ ఉంటే తెలుగు వంటగదిని ఎలా మార్చుకోవాలి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ కడుపులోకి వెళ్లినప్పుడు రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసే వ్యాధి సీలియాక్. ఆ పొర పాడైతే తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటికి పట్టవు. జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం తీసుకోవడమే ఇప్పటికి దీనికి ఉన్న చికిత్స. మనం అన్నం తినేవాళ్లం కాబట్టి చపాతీలు మానేస్తే సరిపోతుందని చాలా కుటుంబాలు అనుకుంటాయి, కానీ మన వంటింట్లో గోధుమ కంటికి కనిపించని చోట్ల కూడా ఉంటుంది.

1. పరీక్షలు పూర్తయ్యే వరకు గోధుమ మానకండి

ఈ వ్యాధి ఎప్పుడూ విరేచనాలు, కడుపుబ్బరంతోనే బయటపడదు. ఐరన్ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, వయసుకు తగినట్టు ఎత్తు పెరగని పిల్లలు, చిన్న వయసులోనే గుల్లబారిన ఎముకలు, విపరీతమైన దురదతో వచ్చే పొక్కులు కూడా దీని గుర్తులు కావచ్చు. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్షతో పాటు రక్తంలో మొత్తం ఐజీఏ (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక రకం ప్రతిరక్షకం) ఎంతుందో కూడా చూస్తారు. అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు నుంచి ముక్క తీసి పరీక్షిస్తారు. అనుమానం రాగానే సొంతంగా గోధుమ మానేస్తే పేగు కొంత కోలుకుని, జబ్బు ఉన్నా పరీక్షలో లేనట్టు కనిపించే ప్రమాదం ఉంది.

2. పోపులపెట్టెతో మొదలుపెట్టండి

అన్నిటికన్నా ముందు చూడవలసినది ఇంగువ. దుకాణాల్లో దొరికే ఇంగువ చాలావరకు మైదా లేదా గోధుమపిండి కలిపి తయారు చేసినదే కాబట్టి పప్పు, చారు, పులిహోర, ఊరగాయ అన్నిటిలోకీ గ్లూటెన్ దాని ద్వారానే చేరుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ అని పొట్లం మీద స్పష్టంగా ఉంటేనే వాడాలి, లేకపోతే ఇంగువ లేకుండానే పోపు పెట్టుకోవాలి. కొన్న సాంబారు పొడి, చారు పొడి, పచ్చళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఉప్మా రవ్వ, సేమ్యా, మైదా పూర్తిగా పక్కన పెట్టవలసినవి. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసినదే కాబట్టి పనికొస్తుంది. రాగి సేమ్యా పొట్లంలో గోధుమ కూడా కలిసి ఉండవచ్చు కనుక పదార్థాల జాబితా చదవకుండా కొనకూడదు. బార్లీ జావ, బార్లీ మాల్ట్ కలిపిన పాలపొడులు, మామూలు సోయా సాస్ కూడా వద్దు. తెలంగాణ అంగన్‌వాడీలలో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతంలోనూ గోధుమ ఉంటుంది కాబట్టి బిడ్డకు ఈ జబ్బు ఉంటే అంగన్‌వాడీ టీచరుకు ముందే చెప్పాలి.

3. పిండిమరను, పాత్రలను సరిచూసుకోండి

బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర సహజంగా గ్లూటెన్ లేని ధాన్యాలే. అయితే గోధుమలు ఆడించిన మరలోనే వీటినీ ఆడిస్తే ఆ పిండి ఇక సురక్షితం కాదు. ధాన్యాన్ని ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవడం మంచిది. జల్లెడ, అప్పడాల కర్ర, చపాతీ పీట వేరుగా ఉంచుకోవాలి. పూరీలు వేయించిన నూనెలో సీలియాక్ ఉన్నవారికి గారెలు వేయకూడదు. బాగా తోమిన స్టీలు గిన్నెలను అందరూ వాడుకోవచ్చు. నా ఉద్దేశంలో ఇంటిల్లిపాదికీ గోధుమ లేని వంటే చేయడం అందరికీ తేలిక, ఎందుకంటే మన రోజువారీ భోజనానికి గోధుమ అవసరమే లేదు.

ప్యాకెట్ ఆహారం కొనేటప్పుడు గ్లూటెన్ రహితం అన్న ముద్ర చూడండి. భారతదేశ నిబంధనల ప్రకారం అలాంటి ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు.

4. బంధువులకు ముందుగానే వివరించండి

"కొంచెం తింటే ఏం కాదులే, ప్రసాదం కాదనకూడదు" అనే ప్రేమపూర్వకమైన మాటే ఈ రోగులకు అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమరవ్వతో, అన్నవరం ప్రసాదం గోధుమనూకతో చేస్తారు. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వవచ్చని పెద్దవారే చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. పెళ్లికి వెళ్తే వంటవారిని "ఏ పిండి వాడారు, ఇంగువ వేశారా, ఈ నూనెలో పూరీలు వేయించారా" అని అడగాలి, సమాధానం స్పష్టంగా లేకపోతే పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి. పండక్కి బొబ్బట్లు, కాజాలు బదులు ఇంట్లో పట్టిన పిండితో అరిసెలు చేస్తే అందరితో పాటు వారూ తింటారు.

ఇది కొత్తగా వచ్చిన ఆహారపు మోజు అనుకునే వారికి నెదర్లాండ్స్ కథ చెప్పండి. అక్కడ 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారు, రొట్టె తిరిగి వచ్చాక మళ్లీ క్షీణించారు. గోధుమ మీద అంతకుముందే అనుమానం ఉన్న పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె 1950లో తన సిద్ధాంతవ్యాసంలో దాని హానిని వివరించారు.

5. వైద్యుడి దగ్గరికి వెళ్లడం మానకండి

లక్షణాలు తగ్గినంత మాత్రాన పేగు పూర్తిగా మానినట్టు కాదు. వైద్యుడు చెప్పిన గడువుల్లో టీటీజీ పరీక్ష మళ్లీ చేయించుకుని, ఐరన్, బీ12, డీ విటమిన్ల స్థాయిని, అవసరమైతే ఎముకల సాంద్రతను చూపించుకోవాలి. ఈ వ్యాధికి జన్యుపరమైన మూలం ఉంది కనుక రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు లక్షణాలు లేకపోయినా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా జబ్బు తర్వాత కూడా మొదలుకావచ్చు కాబట్టి, మళ్లీ ఎప్పుడు పరీక్షించుకోవాలో వైద్యుడిని అప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి.