సాఫ్ట్‌వేర్ మార్పుకు ముందు రూటర్లలోని ఈఈఎం పాలసీల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు

రూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేసే రాత్రి లింకులు పడిపోయి లేస్తాయి, పొరుగు రూటర్లతో సంబంధాలు తెగి మళ్లీ ఏర్పడతాయి, కొద్ది నిమిషాల్లోనే రూటర్ తనలో జరిగేవాటిని రాసే సిస్‌లాగ్ సందేశాలతో, వాటిని నిలవ ఉంచే బఫర్ నిండిపోతుంది. ఎప్పుడో అరుదుగా జరిగే సంఘటన కోసం రాసిపెట్టిన ఆటోమేటిక్ పాలసీలన్నిటికీ అవే సందేశాలు ఒకదాని వెంట ఒకటి పిలుపులు. సిస్కో ఐఓఎస్, ఐఓఎస్ ఎక్స్‌ఈ రూటర్లలోని ఎంబెడెడ్ ఈవెంట్ మేనేజర్‌ను, అంటే ఒక సంఘటన జరగగానే ముందుగా రాసిపెట్టిన పాలసీ ప్రకారం రూటరే స్పందించేలా చేసే, అందరూ ఈఈఎం అని పిలిచే సదుపాయాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. జూనిపర్ సంస్థ జూనోస్‌లోని ఈవెంట్ పాలసీలకు, అరిస్టా సంస్థ పరికరాల్లోని ఈవెంట్ హ్యాండ్లర్లకు ఇందులోని ఆలోచన చాలావరకు వర్తిస్తుంది గాని, కమాండ్లు మాత్రం వర్తించవు.

ముందుగా, ఆ రూటర్‌లో నిజంగా ఏయే పాలసీలు పనిచేస్తున్నాయో తెలుసుకోవాలి. రన్నింగ్ కాన్ఫిగ్ (ప్రస్తుతం అమలులో ఉన్న అమరికలు) చూసి సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే ఏ సంఘటనకు స్పందించాలో చెప్పే ఈవెంట్ లైను లేని ఆప్లెట్ (కాన్ఫిగ్‌లోనే రాసే పాలసీ) కాన్ఫిగ్‌లో కనిపిస్తుందే తప్ప నమోదు కాదు. షో ఈవెంట్ మేనేజర్ పాలసీ రిజిస్టర్డ్ అనే కమాండ్ ఇచ్చే జాబితాయే ప్రమాణం. దానిని ఒక ఫైలులో భద్రపరచాలి, పని ముగిశాక పోల్చి చూడడానికి అదే ఆధారం. టీసీఎల్ అనే స్క్రిప్ట్ భాషలో రాసిన పాలసీలు ఉన్నట్లయితే వాటి ఫైళ్లు ఫ్లాష్‌లో (రూటర్ శాశ్వత నిల్వలో) ఎక్కడున్నాయో కూడా రాసుకోవాలి, కొత్త ఇమేజ్‌కు (సాఫ్ట్‌వేర్ ఫైలుకు) చోటు చాలక ఫ్లాష్ శుభ్రం చేసేవారు సాధారణంగా ముందు తొలగించేది తమకు తెలియని చిన్న ఫైళ్లనే.

పని మొదలుపెట్టే ముందు పాలసీలను ఆపివేయడం మంచిది. ఒక్కొక్కదాన్నీ తీసివేయనవసరం లేకుండా, గ్లోబల్ కాన్ఫిగ్ మోడ్‌లో ఈవెంట్ మేనేజర్ షెడ్యూలర్ సస్పెండ్ అని ఇస్తే అన్నీ ఒకేసారి ఆగుతాయి. అయితే చాలామంది గమనించని విషయం ఒకటి ఇందులో ఉంది. సస్పెండ్ చేసినంత మాత్రాన ఈవెంట్లు రావడం ఆగదు. వచ్చిన ఈవెంట్లకు సంబంధించిన పాలసీలు వరుసలో వేచి ఉంటాయి, నో రూపంలో అదే కమాండ్ ఇచ్చి సస్పెన్షన్ ఎత్తివేసిన క్షణంలో ఆ వేచి ఉన్నవన్నీ అమలవుతాయి. గంట క్రితం పడిపోయి ఇప్పుడు చక్కగా లేచి ఉన్న లింకు కోసం ఒక పాలసీ ట్రాఫిక్‌ను బ్యాకప్ దారికి మళ్లించిందంటే, కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉందని భ్రమపడి వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి సస్పెన్షన్ ఎత్తివేసే ముందు షో ఈవెంట్ మేనేజర్ పాలసీ పెండింగ్ చూసి, అక్కరలేనివాటిని ఈవెంట్ మేనేజర్ షెడ్యూలర్ క్లియర్ కమాండ్‌తో తప్పనిసరిగా తొలగించాలి.

కొన్ని పాలసీలను ఆ రాత్రి పనిచేయనివ్వాలనే నిర్ణయం కూడా సమంజసమే, ముఖ్యంగా సమస్య వచ్చినప్పుడు ఆధారాలు సేకరించేవాటిని. అయితే వాటిని సమయం, అనుమతి అనే రెండు కోణాలనుంచి పరీక్షించాలి. నా అనుభవంలో ఈఈఎం వైఫల్యాలలో ఎక్కువ భాగం ఈవెంట్‌ను పసిగట్టడంలో కాక, పసిగట్టిన తరువాత చేయవలసిన పనిలోనే ఉంటాయి.

సమయం సంగతి చూద్దాం. ఆప్లెట్‌కు అప్రమేయంగా దొరికే గరిష్ఠ సమయం (మ్యాక్స్‌రన్) 20 సెకన్లు. అది దాటితే ఈఈఎం ఆ ఆప్లెట్‌ను మధ్యలోనే నిలిపివేస్తుంది. రూటర్ స్థితి వివరాలన్నీ చూపే షో టెక్ సపోర్ట్ కమాండ్ ఫలితాన్ని ఫ్లాష్‌లోని ఫైలుకు మళ్లించే ఆప్లెట్‌ను తీసుకోండి: పెద్ద రూటర్‌లో ఆ కమాండ్ ఒక్కటే నిమిషాలు పట్టవచ్చు, కాబట్టి ఫైలు పుడుతుంది గాని సగంలోనే తెగిపోతుంది, లాగ్‌లో మ్యాక్స్‌రన్ గడువు తీరిందన్న సందేశం మిగులుతుంది. ఆ కమాండ్‌ను ముందుగా చేత్తో ఇచ్చి ఎంత సమయం తీసుకుంటుందో కొలిచి, అంతకంటే ధారాళంగా ఈవెంట్ లైనులోనే మ్యాక్స్‌రన్ విలువ ఇవ్వాలి. ఇదే లక్షణం మరో కారణంవల్ల కూడా కనిపిస్తుంది. కాపీ, క్లియర్ వంటి కమాండ్లు నిర్ధారణ కోరుతూ ప్రశ్న వేస్తాయి, జవాబు చెప్పేవారు లేక ఆప్లెట్ గడువు తీరేవరకూ అలాగే నిలబడిపోతుంది. అటువంటప్పుడు మ్యాక్స్‌రన్ పెంచడం వృథా, ఆ యాక్షన్‌కు (ఆప్లెట్ చేయవలసిన పనిని చెప్పే లైనుకు) ప్యాటర్న్ పదాన్ని జోడించి తరువాతి యాక్షన్‌లో జవాబు పంపాలి, ఫైళ్ల కమాండ్లయితే ఫైల్ ప్రాంప్ట్ క్వయట్ అనే అమరిక సరిపోతుంది.

ఇక అనుమతి విషయానికి వస్తే, ఆప్లెట్ కమాండ్లు ఇవ్వడానికి తెరిచే సీఎల్‌ఐ సెషన్ మామూలు యూజర్ మోడ్‌లో మొదలవుతుంది గనుక మొదటి యాక్షన్ ఎక్కువ హక్కులిచ్చే ఎనేబుల్ కావాలి. కమాండ్లకు టాకాక్స్ (అనుమతులను ఒకేచోట సర్వర్‌లో చూసే పద్ధతి) ద్వారా అనుమతి తీసుకునే నెట్‌వర్క్‌లలో ఇది మాత్రమే చాలదు. ఈవెంట్ మేనేజర్ సెషన్ సీఎల్‌ఐ యూజర్‌నేమ్ కింద తగిన హక్కులున్న ఖాతాను చూపాలి, లేదా ఆ ఆప్లెట్‌కు అనుమతి అడగకుండా సాగే ఆథరైజేషన్ బైపాస్ ఇవ్వాలి. లింకు పడిపోయినప్పుడు పనిచేయవలసిన ఆప్లెట్‌ను ప్రత్యేకంగా పరిశీలించండి: పడిపోయిన ఆ లింకు మీదుగానే టాకాక్స్ సర్వర్‌కు దారి ఉంటే, అనుమతి కోసం ఎదురుచూడడంలోనే దాని గడువంతా కరిగిపోతుంది. అటువంటి కొద్దిపాటి ఆప్లెట్లకు బైపాస్ సమర్థనీయమే, కానీ వాటిని ఎవరు మార్చగలరన్నది భద్రతా విభాగంతో ముందే తేల్చుకోవాలి.

అనుమతితో ముడిపడిన ఇంకొక చిక్కు వీటీవై లైన్లది, అంటే దూరం నుంచి రూటర్‌లోకి లాగిన్ అయ్యే దారులది. సీఎల్‌ఐ యాక్షన్లు నడవడానికి ఖాళీ వీటీవై లైను ఉండాలి. 0 నుంచి 4 వరకు అయిదు లైన్లే ఉన్న రూటర్‌లోకి ఆ రాత్రి ఇద్దరు ఇంజినీర్లు చెరి రెండు మూడు కిటికీలు తెరుచుకుని కూర్చుంటే ఈఈఎంకు చోటుండదు, పరీక్షలో నిక్షేపంగా నడిచిన ఆప్లెట్ అసలు రాత్రి ఎందుకు నడవలేదో ఎవరికీ అంతుబట్టదు. లైన్ల సంఖ్య పెంచాలి, వాడని సెషన్లు మూసివేయాలి.

రాతలో దొర్లే లోపాలలో యాక్షన్ల వరుసను నిర్ణయించే లేబుళ్లది ఒకటి. ఈఈఎం వాటిని అంకెలుగా కాక అక్షరాల వరుసగా పోలుస్తుంది గనుక 10 అనే లేబుల్ 2 కంటే ముందే అమలవుతుంది. 010, 020 అని సమాన పొడవుతో రాస్తే ఆ చిక్కు రాదు. ఏ సందేశానికి స్పందించాలో చెప్పే సిస్‌లాగ్ ప్యాటర్న్ ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ప్రత్యేక గుర్తులతో రాసే నమూనా) కావడంతో చుక్కలకు, కుండలీకరణాలకు వేరే అర్థం ఉంటుంది, పెద్దక్షరాలకు చిన్నక్షరాలకు తేడా కూడా పాటించాలి. కొత్త వెర్షన్‌లో సందేశపు వాక్యం మారి ఉండవచ్చు కాబట్టి, పాత లాగ్‌లోని వాక్యాన్ని నమ్ముకోకుండా ప్రయోగశాలలోని రూటర్‌లో కొత్త వెర్షన్ వేసి అసలు సందేశాన్ని పుట్టించి చూడాలి. అది కుదరకపోతే సెండ్ లాగ్ కమాండ్‌తో అదే వాక్యాన్ని లాగ్‌లోకి పంపి కనీసం ప్యాటర్న్ సరిపోతుందో లేదో తేల్చుకోవచ్చు. ఇంటర్‌ఫేస్‌లో నో లాగింగ్ ఈవెంట్ లింక్ స్టేటస్ ఉంటే అసలు సందేశమే పుట్టదు, అక్కడ ప్యాటర్న్‌ను ఎంత సరిదిద్దినా ప్రయోజనం లేదు.

అన్నిటికంటే భయపడవలసింది, తాను చేసిన పనివల్ల తనకే మళ్లీ పిలుపు వచ్చే ఆప్లెట్ విషయంలో. లైన్ ప్రోటోకాల్ డౌన్ అన్న సందేశం చూసి ఇంటర్‌ఫేస్‌ను షట్, నో షట్ చేసే (ఆపి మళ్లీ తెరిచే) ఆప్లెట్ ఆ చర్యతోనే మరొక డౌన్ సందేశాన్ని పుట్టిస్తుంది. కాన్ఫిగ్ మార్పు సందేశానికి స్పందించి కాన్ఫిగ్ మోడ్‌లోకి వెళ్లేది కూడా అటువంటిదే. ఈవెంట్ లైనులో రేట్ లిమిట్ (ఎంత తరచుగా నడవవచ్చన్న హద్దు) పెట్టడం, ఇన్ని సెకన్లలో ఇన్నిసార్లు జరిగితేనే అన్న షరతు చేర్చడం కొంత రక్షణనిస్తాయి, కానీ అటువంటి ఆప్లెట్‌ను ఆ రాత్రికి పూర్తిగా తీసివేయడమే నా సలహా.

ఏదైనా పాలసీ ఆశించినట్లు నడవకపోతే వెంటనే దాని రాతను మార్చడానికి పూనుకోకూడదు. షో ఈవెంట్ మేనేజర్ హిస్టరీ ఈవెంట్స్‌లో ఆ ఈవెంట్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే లోపం ప్యాటర్న్‌లోనో, రాని సందేశంలోనో, నమోదులోనో ఉంటుంది. ఉంటే లోపం యాక్షన్లలో ఉంటుంది, అప్పుడు డీబగ్ ఈవెంట్ మేనేజర్ యాక్షన్ సీఎల్‌ఐ పెట్టి మళ్లీ నడిపితే ఆప్లెట్ పంపిన ప్రతి కమాండ్, రూటర్ ఇచ్చిన ప్రతి జవాబు వరుసగా కనిపిస్తాయి. ప్రాంప్ట్ చివర హ్యాష్ గుర్తు ఉండవలసిన చోట బాణం మొన గుర్తు కనిపించిందంటే ఎనేబుల్ విఫలమైనట్లే. డీబగ్ ఫలితాన్ని కన్సోల్‌కు కాక బఫర్‌కు మళ్లించాలి, పని కాగానే ఆపివేయాలి.

రీలోడ్ తరువాత నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిదిద్దే ఎన్‌టీపీతో గడియారం సరిపోలిందో లేదో చూశాకే క్రాన్ టైమర్ మీద (నిర్ణీత వేళల్లో) నడిచే పాలసీలను అనుమతించాలి. పాలసీలు వాడుకునే విలువలుండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు కూడా ఉన్నాయో లేదో సరిచూడాలి, ఒక్కటి లోపించినా దానిని వాడే యాక్షన్ దగ్గర ఆప్లెట్ విఫలమవుతుంది. నమోదైన పాలసీల జాబితాను ముందు భద్రపరచిన ఫైలుతో పోల్చి, పెండింగ్ వరుసను ఖాళీ చేసి, సస్పెన్షన్‌ను ఎత్తివేసి, ఆ తరువాతే కాన్ఫిగ్‌ను స్టార్టప్‌లోకి (రూటర్ లేచేటప్పుడు చదివే కాన్ఫిగ్‌లోకి) భద్రపరచాలి.