కిట్ విమానానికి చక్రాలు, బ్రేకులు బిగించే పద్ధతి

విడిభాగాలుగా కొని మనమే బిగించుకునేదే కిట్ విమానం. ముందు దాని బ్రేక్ ఆయిల్ సంగతి. హనుమకొండలో ఏ బైకుల షాపుకు పోయినా డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ దొరుకుతుంది. అది పోయకండి. ఈ కిట్లలో ఎక్కువగా వచ్చే నైట్రైల్ ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు) దానికి ఉబ్బి మెత్తబడతాయి, బ్రేకు పట్టేస్తుంది. ఎర్రగా ఉండే 5606 రకం హైడ్రాలిక్ ఆయిలే వాడాలి.

చక్రం రెండు చెక్కలుగా, అంటే రెండు సగాలుగా వస్తుంది. ట్యూబుకు, టైరు లోపలికి టాల్కం పౌడర్ పల్చగా పూయండి. చెక్కలు కలిపేటప్పుడు ట్యూబు అంచు మధ్యలో నలగకుండా వేలు పెట్టి చుట్టూ తడిమి చూడండి. బోల్టులను చక్రం మీద రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే), ఎదురెదురుగా బిగించాలి. గాలి కొట్టి, మొత్తం తీసేసి, మళ్లీ కొడితే ట్యూబు మడతలు పోతాయి. తర్వాత ఎప్పుడు విప్పినా ముందు గాలి పూర్తిగా తీయాలి. గాలి ఉండగా బోల్టులు వదులు చేస్తే చెక్కలు ఎగిరొచ్చి ప్రాణం తీస్తాయి.

బేరింగు రోలర్ల సందుల్లోకి గ్రీజు వేళ్లతో నొక్కాలి, పైపూత చాలదు. చక్రం తిప్పుతూ, కాస్త బరువుగా తిరిగేదాకా యాక్సిల్ నట్ బిగించి, దగ్గరి రంధ్రం వరకు వెనక్కి తిప్పి కొత్త కాటర్ పిన్ (నట్ వదులు కాకుండా రంధ్రంలో దూర్చే పిన్ను) వేయండి.

ఆయిల్‌ను కింద చక్రం దగ్గర బ్రేకు పట్టే భాగమైన కాలిపర్ నిపుల్ (ఆయిల్ ఎక్కించే చిన్న మూతి) నుంచి పైకి ఎక్కించాలి, గాలి పైకే పోతుంది కాబట్టి. పారదర్శక పైపులో ఎర్రటి ఆయిల్ వెంట ఆవగింజంత బుడగలు కనిపిస్తాయి. అవి ఆగేదాకా ఆపొద్దు. పెడల్ మెత్తగా దిగితే ఇంకా గాలి ఉన్నట్టే. పైన ఆయిల్ నిలవుండే డబ్బా, అంటే రిజర్వాయర్ నిండా పోయకండి, మే నెల ఎండకు ఆయిల్ వ్యాకోచిస్తుంది.