ఎరువు తోలిన చేలో కలుపు మందు కొట్టేముందు

జూన్‌లో రెండు మంచి వానలు పడి పదును చిక్కిందంటే చిత్తూరు పల్లెల్లో శనక్కాయ విత్తనం మొదలైనట్టే. దిబ్బ ఎరువు చేలకు తోలేదీ, విత్తిన మర్నాడు కలుపు మందు కొట్టేదీ ఆ కొద్ది రోజుల్లోనే. ఎరువు మందును పట్టేసుకుంటుంది. ఆ సంగతి తెలిసే రెండూ వాడాలి.

మన ఎర్ర గరప నేలల్లో సేంద్రియ కర్బనం, అంటే చివికిన ఆకూ ఎరువూ మట్టికిచ్చే సారం, తక్కువ. భూసార పరీక్ష కాగితంలో 0.5 శాతం లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. టమాటాలో వాడే మెట్రిబుజిన్ లాంటి కలుపు మందు ఇలాంటి నేలలో నిలవదు, జోరువానకు నీళ్లతోపాటు కిందికి దిగిపోతుంది. శనక్కాయలో కొట్టే పెండిమిథాలిన్ అలా దిగదు, మట్టిని కరుచుకుంటుంది.

బాగా చివికిన పశువుల ఎరువు ఇలాంటి మందులను పైపొరలో ఇంకాస్త గట్టిగా పట్టి ఉంచుతుంది. బోరు నీళ్లకు అది మేలే. కలుపు గింజకు మాత్రం మందు తక్కువ అందుతుంది. కలుపు చావలేదని మోతాదు రెట్టింపు చేసేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ మందు చేలోనే మిగిలి, తర్వాత వేసే జొన్న లాంటి గడ్డిజాతి పైరును మొలకలోనే దెబ్బ తీయొచ్చు. డబ్బా మీది మోతాదు దాటకండి. మిగిలిన కలుపును ఇరవై, పాతిక రోజులకు గుంటకతో తీయండి. 45 రోజులు దాటాక ఊడలు (నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే చేనును కదపొద్దు.

ఎరువును విత్తడానికి మూడు వారాల ముందే సమంగా చల్లి దున్నేయండి. కుప్పలుగా వదిలితే కుప్ప ఉన్నచోట మందు పనిచేయదు.

అన్నిటికన్నా నాకు భయం పచ్చి పేడతోనే. చివకని పేడలో, గోబర్ గ్యాస్ నీళ్లలో కరిగి ఉండే సేంద్రియ పదార్థం మందును తనతోపాటు కిందికి మోసుకుపోగలదు. అందుకే మొదళ్లలో మందు పోసిన వారంలో ఆ నీళ్లు పారించొద్దు, బావి పక్కన అసలే వద్దు. పచ్చి పేడకు వేరుపురుగు కూడా చేరుతుంది, దానికోసం మళ్లీ మందు కొనాలి. ఇంట్లో పాత ఫోరేట్ గుళికలు మిగిలి ఉన్నా చేలో చల్లకండి, 2020 డిసెంబర్ 31 నుంచి వాటిపై నిషేధం ఉంది.

బయటినుంచి లారీ ఎరువు కొంటే ముందు రెండు కుండలు తీసుకోండి. ఒకదాంట్లో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో ఎరువు కలిపిన మట్టి పోసి అలసంద గింజలు నాటండి. ఎరువు కుండలో మొలకల ఆకులు ముడుచుకుని, మెలితిరిగి వస్తే ఆ ఎరువులోనే కలుపు మందు మిగిలి ఉండొచ్చు, ఆ లోడు చేలోకి దించకండి.