పూల అమరిక – 3వ పాఠం: మెడ వాల్చిన గులాబీలు

ఈ పాఠంలో అమరిక మొదలుపెట్టాలి. కానీ పోయినసారి పూలు కొన్నవాళ్లలో చాలామందిది ఒకటే గోల: గులాబీలు మర్నాటికే మెడ వాల్చేశాయి. రేకలు తాజాగానే ఉన్నాయి, మొగ్గ సరిగ్గా విచ్చనేలేదు, పువ్వు కింద కాడ మాత్రం వంగిపోయింది. అమ్మినవాళ్లని అప్పుడే తిట్టుకోకండి. చాలాసార్లు కారణం ఒకటే, నీళ్లు పైదాకా ఎక్కకపోవడం.

కాడ ఏటవాలుగా కొయ్యమన్నాను, కోశారు. కోసి బల్ల మీద పెట్టి, మిగతావన్నీ కోసేదాకా అలాగే ఉంచారు. ఆ కాసేపట్లోనే కోత దగ్గర సన్నటి నాళాల్లోకి గాలి దూరుతుంది. గాలి అడ్డం పడితే వాజ్ నిండా నీళ్లున్నా పువ్వుకి అందవు. ఒక కాడ కొయ్యాలి, వెంటనే నీళ్లలో పెట్టాలి, ఆ తర్వాతే రెండోది. నేనైతే బకెట్ నీళ్లలో ముంచే కోస్తాను. చేతులు తడుస్తాయి కానీ టెన్షన్ ఉండదు.

వాలినవాటిని పారెయ్యకండి. మెడ నిటారుగా నిలిచేలా కాగితంలో బిగించి చుట్టండి. అడుగున రెండు సెంటీమీటర్లు కోసి, లోతైన గోరువెచ్చని నీళ్లలో మెడదాకా గంటో రెండు గంటలో నిలబెట్టండి. చాలావరకు లేస్తాయి. లేవనిదాన్ని పొట్టిగా కోసి వెడల్పాటి గిన్నెలో తేలనివ్వండి.

ఇక పంచదార సంగతి. "నీళ్లలో పంచదార వేశాం, అయినా వాడిపోయాయి" అంటున్నారు. వెయ్యమని నేనెప్పుడన్నాను? పువ్వుకి చక్కెర ఆహారమన్న మాట నిజమే. పూలతో పాటు ఇచ్చే పొడి పొట్లంలోనూ అది ఉంటుంది. అయితే అందులో నీళ్లని కాస్త పులుపు చేసే ఆమ్లం, బాక్టీరియాని అణిచే మందు కూడా ఉంటాయి. ఉత్త పంచదార వేస్తే ముందు బాగుపడేది బాక్టీరియా. అది పెరిగి, జిగురు కట్టి, కాడ అడుగుని మూసేస్తుంది. బెల్లమైనా తేనె అయినా అంతే. పొడిని పొదుపుగా సగమే వేసినా అంతే: చక్కెర బాక్టీరియాకి సరిపోతుంది, మందు మాత్రం చాలదు. పొడి లేదా, మామూలు నీళ్లు చాలు. రెండు రోజులకోసారి మొత్తం పారబోసి, వాజ్ సబ్బుతో కడిగి, కాడ మళ్లీ కాస్త కొయ్యండి. తగ్గినంత పైన పోస్తే నీళ్లు మార్చినట్టు కాదు!

ఇక మిగతా పూలు. జెర్బెరాకి నాలుగు వేళ్ల లోతు నీళ్లే పొయ్యండి, ఎక్కువైతే నూగు కాడ కుళ్లుతుంది. కార్నేషన్లని మాగిన పళ్ల దగ్గర ఉంచొద్దు, పళ్లు వదిలే ఇథిలీన్ వాయువుకి అవి త్వరగా ముడుచుకుపోతాయి. గ్లాడియోలస్ కాడల్ని పడుకోబెడితే కొనలు పైకి వంకర తిరుగుతాయి.

అమరికకి మిగిలింది ఈ కాస్త చోటే. వాజ్ మూతి మీద సెల్లోటేపుతో గళ్లు కట్టండి. ముందు ఆకుకొమ్మలు, తర్వాత పెద్ద పూలు, చివర్లో చిన్నవి, వాజ్‌ని తిప్పుతూ గుచ్చండి. పూల ఎత్తు వాజ్‌కి ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు. భోజనాల బల్ల మీద నేను అందులో సగమే ఉంచుతాను, ఎదుటివాళ్ల మొహం కనపడాలిగా. కాడలు గుచ్చే పచ్చ ఫోమ్ దిమ్మెల జోలికి పోను, చివరికి మిగిలేది ప్లాస్టిక్ నలుసులే.

అభ్యాసం: ఒకే కట్టలోంచి మూడు గులాబీలు, మూడు గ్లాసులు. ఒకదానిలో పంచదార నీళ్లు, ఒకదానిలో మార్చని మామూలు నీళ్లు, మూడోదానిలో రెండు రోజులకోసారి మార్చేవి. వారం పాటు రోజూ పొద్దున్నే నీళ్ల వాసన చూడండి, కాడ అడుగుని వేళ్లతో తడిమి జిగురుందేమో రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటేనే నాలుగో పాఠం తెరవండి.