ఆది తాళం గుంపుగా నేర్పండి

మా అనంతపురంలో సాయంత్రం సంగీతం పాఠానికి వచ్చే పిల్లలు పొద్దుటి నుంచి బడిలో కూర్చుని వచ్చినవాళ్ళే. వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి లఘువు, ద్రుతం అని తాళం భాగాలు చెప్పడం మొదలుపెడితే ఆవలింతలే. అందుకే నేను గుండ్రంగా నిలబెడతాను. 6 నుంచి 10 మంది ఉంటే చాలు. అంతకు మించితే వంతు రావడం ఆలస్యమై గిల్లుకోవడం మొదలవుతుంది.

ముందు ఆది తాళం చేత్తో వేయించండి. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. మొత్తం 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. మొదటి నాలుగూ అందరివి, ఒక్కో అక్షరానికి ఒక "తకధిమి". తర్వాతి నాలుగూ ఒక్కరివి. ఆ ఒక్కరు చప్పట్లు కొట్టొచ్చు, తొడ మీద దరువు వేయొచ్చు, నోటితో ఏదైనా అనొచ్చు, ఊరికే నిలబడొచ్చు కూడా. మళ్ళీ సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, అందరూ కలవాలి, అంతే షరతు.

ఊరికే నిలబడటాన్ని తక్కువ చేయొద్దు. నాలుగు అక్షరాలు ఖాళీగా వదిలి, సరిగ్గా సమం మీద "త" అన్న పిల్లకు, గలగలా వాయించి సమం దాటిపోయినవాడి కంటే తాళం బాగా పట్టుబడినట్టే. ఆ మాట అందరి ముందూ అనండి. బిడియపడే పిల్లలు మరుసటి వంతుకు చప్పట్లయినా కొడతారు.

తన వంతులో ఏం అనాలో తోచక తడబడేవాళ్ళకు జతులు (తకిట, తకధిమి లాంటి తాళం పలుకులు) బట్టీ పట్టించకండి, తిండి పేర్లు ఇవ్వండి. ఓళిగ అంటే తకిట, మూడు. శెనిక్కాయ అంటే తకధిమి, నాలుగు. బజ్జి ఉగ్గాని అంటే తక తకిట, ఐదు. అదే ఖండచాపు అనే ఐదు లెక్కల తాళం నడక. ఓళిగ శెనిక్కాయ కలిపితే ఏడు, అది మిశ్రచాపు తాళం. ఈ పేర్లలోని అక్షరాలన్నీ ఒకే నిడివిలో పలకాలి, "ఉగ్గా" దగ్గర సాగదీయనివ్వొద్దు. (ఉగ్గాని పేరెత్తగానే ఎవరో ఒకరు ఆకలి అంటారు. దానికి నా దగ్గర మందు లేదు.)

గుంపులో వేగం పెరగడం ఖాయం. వంతు దగ్గరపడేకొద్దీ టెన్షన్‌తో చెయ్యి పరుగెత్తుతుంది. కొందరు ఫోన్‌లో తాళం యాప్ పెడతారు. ఆ గోలలో అది వినపడదు, వినపడినా పిల్లలు లెక్కచేయరు. దాని బదులు ఒకరి చేతికి చెక్కలివ్వండి, మన చెక్కభజన చెక్కలే. ఆ చెక్కలు పట్టినవాళ్ళకు తాళం తప్ప వేరే పని ఉండదు. నేనైతే అందరికంటే దూకుడుగా వాయించేవాడికే ఇస్తాను. "నేను వాయించేదేం లేదా టీచర్?" అని మొహం మాడ్చుకుంటాడు. కొన్నాళ్ళకు పక్కవాళ్ళు పరుగెత్తితే "నిదానంగా రాండప్పా!" అని అరిచేది వాడే. అప్పటికీ ఆగకపోతే అక్షరానికో అడుగు వేయిస్తూ చెప్పించండి. చెయ్యి ఉరికినంత సులువుగా కాళ్ళు ఉరకవు.

ఎవరైనా తప్పితే ఆట ఆపొద్దు, చెక్కలు అసలే ఆగకూడదు. నోళ్ళు మూసుకుని చేతులు మాత్రం వేస్తూ రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు) నడిపి, తప్పిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకోండి.

ఇది కుదిరాక కచేరీ పద్ధతిలోకి రావచ్చు. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే చోట, మృదంగం, ఘటం వాళ్ళు మార్చి మార్చి వాయిస్తూ వంతు తగ్గించుకుంటూ వస్తారు కదా, అట్లాగే పిల్లల్ని రెండు జట్లు చేయండి. జట్టుకొక ఆవర్తనం, తర్వాత అర, తర్వాత పావు, చివరికి ఒక్కో అక్షరం. అప్పుడు అందరూ కలిసి "తదిగిణతొం" మూడుసార్లు అని ముక్తాయింపు.

ఇక్కడ లెక్క మీరు చెప్పేయకండి. ఈసారి అక్షరానికి రెండే మాత్రల (పలుకుల) చొప్పున ఆవర్తనానికి 16. తదిగిణతొం ఐదు, మూడుసార్లకు 15. మిగిలిన ఒకటి ఎక్కడ పెట్టాలో వాళ్ళనే అడగండి. చివర పెడితే సమానికి ముందు చిన్న గుంట పడుతుంది. మొదట వదిలితే మూడో "తొం" అవగానే సమం తగులుతుంది. రెండూ చేయించి చూడండి. మా దగ్గర ఎప్పుడూ రెండోదానికే ఓట్లు.

అంతా కలిపి 20 నిమిషాలు దాటనివ్వొద్దు. ఆ వేడి తగ్గకముందే సరళీ వరసలు (మొదటి స్వర పాఠాలు) ఎత్తుకోండి. చెక్కలు మాత్రం ఆ రోజుకు వేరొకరికి మార్చండి.