ఆర్కిడ్‌కి ఏమైంది? ఆకు వాడినా, మొగ్గ రాలినా, ఏళ్లు గడిచినా పూయకపోయినా

నర్సరీ నుంచి పూలతో తెచ్చుకున్న ఆర్కిడ్ రెండు మూడు నెలలకు పూలు రాల్చేస్తే కంగారు పడక్కర్లేదు, అది దాని పద్ధతి. అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలవుతుంది. ఆకు కాస్త వాలగానే నీళ్లు పోస్తాం, పసుపు రంగు కనిపించగానే ఎరువు వేస్తాం, పూయడం లేదని "ఆర్కిడ్ బూస్టర్" సీసా కొంటాం. మన దగ్గర చచ్చిపోయే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై చస్తాయి.

మన ఇళ్లకు వచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. వెడల్పాటి మందపు ఆకులతో, వంగిన కాడకు వరుసగా పెద్ద పూలు పూసేది ఫెలనాప్సిస్. చిన్న చెరకుగడల్లా కణుపులున్న కాడలతో నిలువుగా పెరిగేది డెండ్రోబియం. రెండూ చెట్ల కొమ్మల్ని పట్టుకుని, గాలిలో వేర్లు చాపుకుని బతికే జాతులే. తూర్పు కనుమల్లో మామిడి చెట్లకు అంటుకుని పెరిగే వాండా ఆర్కిడ్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వాన పడితే వేరు తడుస్తుంది, వాన వెలిసిన కొద్దిసేపటికే ఆరిపోతుంది. ఈ తడి, ఆరడం రెండూ ఇంట్లో కుదిరితే సగం సమస్యలు రావు. అందుకే కింద ఏ లక్షణం కనిపించినా మందు కొనే ముందు వేర్లు చూడండి.

ఆకులు ముడతలు పడి మెత్తగా వేలాడుతున్నాయి

ఆకుకు నీళ్లు అందడం లేదన్నది నిజమే. ఎందుకు అందడం లేదన్నదే ప్రశ్న. కుండీ ఎండిపోయినా ఇలాగే ఉంటుంది, వేర్లు కుళ్లిపోయి నీళ్లు తాగలేకపోయినా ఇలాగే ఉంటుంది. ఆకు చూసి ఈ రెండింటికీ తేడా చెప్పలేం.

మొక్కను కుండీలోంచి మెల్లగా బయటికి తీయండి. బతికున్న వేరు నొక్కితే గట్టిగా ఉంటుంది, తడి తగిలితే పచ్చబడుతుంది, ఆరితే వెండి రంగుకు వస్తుంది. కుళ్లిన వేరు గోధుమ రంగులో బోలుగా ఉంటుంది. రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పైపొర తొడుగులా ఊడొచ్చి లోపల సన్నటి దారం మాత్రం మిగులుతుంది. అలా ఊడిందంటే నీళ్లు ఎక్కువైనట్టే.

వేర్లు గట్టిగా, తెల్లగా ఉండి కుండీ ఎండిపోయి ఉంటే పని తేలిక. కుండీని పావుగంట నీళ్లలో ఉంచి, బాగా ఓడ్చి పెట్టండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే ఆకు కొంత తేరుకుంటుంది. పూర్తిగా ముడతపడిన పాత ఆకు మళ్లీ నున్నగా అవ్వకపోవచ్చు, కొత్త ఆకు బాగుంటే చాలు.

వేర్లు కుళ్లితే స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మెత్తబడినవన్నీ కత్తిరించండి. పాత మీడియా (కుండీలో మట్టికి బదులు నింపిన ముక్కలు, నాచు) మొత్తం పారేయండి. కొత్తగా తెచ్చిన ఫెలనాప్సిస్ అయితే వేర్ల మధ్యలో ఒకసారి తడమండి. బిగించి నొక్కిన నాచు ఉండ, ఒక్కోసారి చిన్న ప్లాస్టిక్ జాలీ బుట్ట అక్కడే ఉండిపోతాయి. ఏసీ గ్రీన్‌హౌస్‌లో అవి పనికొస్తాయి గానీ మన ఇంట్లో పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల వారాల తరబడి తడిగా ఉండి వేర్లను కుళ్లబెడతాయి. దాన్ని తీసేసి బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు లేదా పైన్ బెరడు కలిపి నాటండి. కొబ్బరి డొక్క వాడితే ముందు కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ ఎర్రటి నీళ్లు మార్చి మార్చి పారబోయాలి. లేకపోతే అందులోని ఉప్పు వేర్లను కాలుస్తుంది. తీరం వైపు ఇళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి బొగ్గు, ఇటుక ఎక్కువ, డొక్క తక్కువ. హైదరాబాద్ వేసవికి డొక్క కాస్త పెంచుకోవచ్చు.

వేర్లు ఒకటి రెండే మిగిలితే పిండేసిన తడి స్ఫాగ్నమ్ నాచు మీద మొక్కను ఆనించి, పైన వదులుగా పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ కప్పి నీడలో ఉంచండి. కొత్త వేరు కనిపించేదాకా ఎరువు వద్దు. నెలలు పట్టొచ్చు, ప్రతిసారీ బతుకుతుందని కూడా చెప్పలేం.

ఇకముందు నీళ్లు ఎప్పుడు పోయాలంటే, పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో పెంచితే వేరే చెబుతుంది. లోపల వేర్లు పచ్చగా ఉంటే ఆగండి, వెండి రంగుకు వచ్చాక పోయండి. "వారానికి ఒకసారి" లాంటి లెక్కలు మే నెలకీ ఆగస్టుకీ ఒకేలా పనిచేయవు. అందంగా ఉందని పింగాణీ కుండీలో దింపినవాళ్లు అడుగున నిలిచిన నీళ్లు పారబోయడం మర్చిపోకూడదు.

మొవ్వు నల్లబడింది, ఆకు లాగితే ఊడొస్తోంది

ఇది వానాకాలం జబ్బు. ఫెలనాప్సిస్ మొవ్వులో రాత్రంతా నీళ్లు నిలిస్తే కుళ్లు మొదలవుతుంది. ఆకు మీద నీళ్లు కారుతున్నట్టు మెత్తటి మచ్చ పడి, దుర్వాసన వస్తూ ఒకటి రెండు రోజుల్లో పాకిపోతుంటే బ్యాక్టీరియా. నల్లగా, గట్టిగా మొదలై పాకుతుంటే బూజు జాతి తెగులు కావచ్చు.

రెండింటిలోనూ మొదటి పని ఒకటే. మొక్కను మిగతావాటి నుంచి దూరంగా పెట్టి, కుళ్లిన భాగానికి కాస్త ఇవతల, బాగున్న కండ వరకూ కోసేయాలి. ప్రతి కోతకీ బ్లేడు తుడవాలి. కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్దొచ్చు, కానీ ఆ పొడి వేర్ల మీద పడకూడదు, వేర్లను ఎండబెట్టేస్తుంది. నల్ల కుళ్లుకి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు ఎరువుల షాపుల్లో దొరుకుతుంది, ప్యాకెట్ మీద రాసిన మోతాదే వాడండి. బ్యాక్టీరియాకి ఈ మందు పనిచేయదు, కోసి ఆరబెట్టడమే దిక్కు. రాగి మందులు డెండ్రోబియంకి పడవు, ఆకు మాడిపోతుంది.

మొవ్వు పోయినా మొక్కను వెంటనే పారేయకండి. వేర్లు బాగుంటే మొక్క మొదలు పక్కనుంచి పిల్ల మొక్క రావచ్చు. నీళ్లు ఉదయం పూటే పోయడం, మొవ్వులో పడితే టిష్యూతో అద్దేయడం, గాలి ఆడేలా ఉంచడం వల్ల ఈ జబ్బు చాలావరకు దగ్గరికి రాదు.

అడుగు ఆకు పసుపు

ఒక్క అడుగు ఆకు మెల్లగా పసుపై రాలితే వయసు, వదిలేయండి. రెండు మూడు ఒకేసారి పసుపైతే మళ్లీ వేర్ల దగ్గరికే వెళ్లాలి.

ఆకు మీద తెల్లగా మాడిన మచ్చ

పడమటి బాల్కనీ, ఏప్రిల్ మధ్యాహ్నం. ఇంకేం చెప్పక్కర్లేదు. మచ్చ పాకకుండా ఎండి అలాగే ఉండిపోతే అది ఎండదెబ్బ, మందు అక్కర్లేదు, ఆకు కోయొద్దు. ఎండలో ఉన్న ఆకును చేత్తో ముట్టుకున్నప్పుడు వేడిగా తగిలితే షేడ్ నెట్ వేయాల్సిందే.

మీడియా మీద తెల్లటి పొర, వేరు కొనలు మాడిపోవడం

బోరు నీళ్లు. నీళ్లలో కరిగిన ఉప్పును చూపే టీడీఎస్ మీటర్‌తో కొలిస్తే చాలా కాలనీల్లో 500 పీపీఎం దాటే ఉంటుంది, ఆర్కిడ్‌కి 200 లోపు ఉంటే మంచిది. వాన నీళ్లు అన్నిటికన్నా మేలు, పట్టి పెట్టుకోండి. ఆర్ఓ నుంచి వచ్చే మంచినీళ్లు పనికొస్తాయి గానీ పక్క పైపులోంచి పోయే వృథా నీళ్లు బోరుకన్నా ఉప్పగా ఉంటాయి, అవి ఆర్కిడ్‌కి పోయొద్దు. ఎలాగూ బోరు నీళ్లే గతి అంటే నెలకోసారైనా వాన నీళ్లతోనో ఆర్ఓ నీళ్లతోనో కుండీలోంచి ధారగా వదిలి కడిగేయండి.

ఎరువు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు అర గ్రాము, మొక్క పెరిగే రోజుల్లో వారానికోసారి, అదీ ముందు మామూలు నీళ్లతో తడిపాకే. పేడ నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్కల నీళ్లు గులాబీలకి పోసుకోండి. ఆర్కిడ్ మీడియాలో అవి పులిసి, గాలి సందులు మూసేసి, చిన్న దోమల్ని పిలుస్తాయి.

దూదిలాంటి తెలుపు, ఆకు అడుగున చుక్కలు

ఆకు సందుల్లో దూదిలా ఉంటే పిండినల్లి. గోటితో గీస్తే ఊడే గోధుమ బిళ్లలైతే పొలుసు పురుగు. స్పిరిట్ ముంచిన దూదితో తుడవండి, వారం తర్వాత మళ్లీ తుడవండి, ఎందుకంటే గుడ్లు మిగులుతాయి. ఎక్కువగా ఉంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల లిక్విడ్ సోపు కలిపి సాయంత్రం పూట కొట్టండి. మొవ్వులో నిలవనీయకండి. చీమలు తిరుగుతుంటే ముందు వాటి సంగతి చూడండి, పిండినల్లిని మోసుకొచ్చేది అవే.

ఆకులు నిగనిగలాడుతున్నాయి, పూలు మాత్రం లేవు

అందరూ అడిగేది ఇదే. ముందు ఆకు రంగు చూడండి. ముదురు ఆకుపచ్చగా, చూడముచ్చటగా ఉందంటే వెలుతురు చాలడం లేదని అర్థం. పూసే మొక్క ఆకు కాస్త లేత ఆకుపచ్చలో ఉంటుంది. మధ్యాహ్నం మొక్కకు పైన అరచేయి పెట్టి నీడ చూడండి. అంచులు మసకగా ఉన్న నీడ పడితే ఫెలనాప్సిస్‌కి సరిపోతుంది. నీడే పడకపోతే ఆ చోట ఏ ఆర్కిడ్ పూయదు. డెండ్రోబియంకి అంతకన్నా ఎక్కువ కావాలి. తూర్పు బాల్కనీలో పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు, లేదా డాబా మీద 50 శాతం షేడ్ నెట్ కింద. హాల్లో టీవీ పక్కన పెట్టిన డెండ్రోబియం ఆకులు వేస్తూ ఉంటుంది, అంతే.

వెలుతురు సరిపోయినా ఫెలనాప్సిస్ పూయకపోతే కారణం వేడి. 28 డిగ్రీలు దాటిన వాతావరణంలో అది ఆకులు పెంచుకుంటూ పోతుంది, పూలకాడ వేయదు. కొన్ని వారాలపాటు 25 లేదా అంతకన్నా తక్కువలో ఉంటేనే కాడ మొదలవుతుంది. రాత్రి చల్లబడితే చాలని చాలామంది అంటారు గానీ పగలు 29 దగ్గర ఉంటే రాత్రి చలి పెద్దగా అక్కరకు రాదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో నీడగా ఉండే ఉత్తరపు గదిలోనో, ఎండ తగలని బాల్కనీలోనో ఇది దానంతటదే కుదురుతుంది. అందుకే నవంబరు నుంచి కిటికీ తెరిచి మొక్కను దాని దగ్గరే ఉంచండి. రాత్రి 13 కన్నా తగ్గే రోజుల్లో మాత్రం లోపలికి జరపండి. విజయవాడ, రాజమండ్రి, కాకినాడ వైపు చలికాలం పగలు కూడా 28కి అటూ ఇటూగా ఉంటుంది. అక్కడ ఫెలనాప్సిస్ ప్రతి ఏడూ పూయాలని పట్టుబట్టడం దండగ. పగలు ఏసీ నడిచే, వెలుతురు బాగా వచ్చే ఆఫీసు గది ఉంటే వేరే సంగతి. లేదంటే డబ్బులు డెండ్రోబియం మీద పెట్టండి. సోనియా లాంటి రకాలు ఆ ఉక్కలోనే హాయిగా పూస్తాయి.

కాడ వచ్చిందో, కొత్త వేరు వచ్చిందో తేల్చుకోవడం మొదట్లో కష్టమే. వేరు కొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పూలకాడ ఆకు మొదలు దగ్గర పుట్టి, కొన చదునుగా, ఒక పక్కకి చిన్న పొలుసుతో చీలినట్టు కనిపిస్తుంది. కనిపించాక పూలు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో కుండీని తిప్పకండి, వెలుతురు వైపు తిరిగే కాడ మెలికలు పడుతుంది.

డెండ్రోబియం విషయంలో ఇంకో రెండు తప్పులు జరుగుతుంటాయి. ఆకులు రాలిన పాత కాడలు ఎండిపోయాయని కోసేయడం ఒకటి. ముడత పడినా పచ్చగా ఉన్నంతకాలం అవి మొక్కకు నిల్వ గోదాములు, ఒక్కోసారి వాటి కొనల నుంచే మళ్లీ పూస్తాయి కూడా. రెండోది యూరియా లాంటి నత్రజని ఎరువులు ఎక్కువ వేయడం. అప్పుడు పూలు రావాల్సిన కణుపుల్లో వేర్లతో సహా పిల్ల మొక్కలు వస్తాయి. పిల్లలు వస్తున్నాయంటే నత్రజని తగ్గించి, వేర్లు కుళ్లలేదు కదా అని చూసుకోండి. పిల్ల వేర్లు రెండంగుళాలు పెరిగాక విడదీసి నాటుకోవచ్చు. కాడ పొడవునా పూలతో అమ్మే నోబిల్ రకం మాత్రం చలి ఉంటేనే పూస్తుంది. అరకు లాంటి చోట ఉన్నవాళ్లు తప్ప కొనకపోవడమే మంచిది.

మొగ్గలు పసుపై రాలిపోతున్నాయి

మొగ్గ దశలో చోటు మార్చడం, ఏసీ గాలి నేరుగా తగలడం, కుండీ ఒక్కసారి పూర్తిగా ఎండిపోవడం వల్ల ఇలా అవుతుంది. ఎవరికీ అనుమానం రాని కారణం ఇంకొకటుంది: పండ్లు. పండే పండు ఇథిలీన్ వాయువు వదులుతుంది. డైనింగ్ టేబుల్ మీద అరటి అత్తం పక్కన ఫెలనాప్సిస్ పెట్టినా, గదిలో గడ్డి పరిచి మామిడికాయలు మాగబెడుతున్నా మొగ్గలు విచ్చకుండానే వాడిపోతాయి, విచ్చిన పూలు కూడా త్వరగా వాలిపోతాయి. అగరొత్తుల పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది, కాబట్టి దేవుడి గదిలో పెట్టొద్దు. మొక్కను కదపకుండా పండ్లనే తలుపు వేసిన వేరే గదిలోకి మార్చండి.

డాబా మీది డెండ్రోబియం మొగ్గలు వంకరపోయి, రేకుల మీద వెండి గీతలు కనిపిస్తే తామర పురుగులు. తెల్ల కాగితం మీద పూవును తట్టి చూడండి, సన్నటి గీతల్లాంటి పురుగులు పాకుతాయి. పాడైన మొగ్గలు తుంచి కవర్లో కట్టి పారేసి, వేపనూనె కొట్టండి. మొగ్గలు పూర్తిగా విచ్చాక మాత్రం పూల మీద ఏదీ చల్లకండి, మచ్చలు పడతాయి.

పూలు అయిపోయాక కాడ కోయాలా, వద్దా

ఎండి గోధుమరంగైన కాడను మొదలంటా తీసేయండి. ఫెలనాప్సిస్ కాడ ఇంకా పచ్చగా ఉండి, ఆకులు నాలుగైనా గట్టిగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపుకు కాస్త పైన కోయొచ్చు. ఒక్కోసారి అక్కణ్నుంచి కొమ్మ వేసి మళ్లీ పూస్తుంది. మొక్క నీరసంగా ఉంటే కాడ పచ్చగా ఉన్నా మొత్తం కోసేసి దాన్ని ఆకులు పెంచుకోనివ్వండి. కుండీ మార్చాలనుకుంటే అదీ ఈ సమయంలోనే, వేర్ల కొనలు కొత్తగా పచ్చబడుతున్నప్పుడు చేయాలి. మే ఎండల్లో మాత్రం ముట్టుకోకుండా తొలకరి దాకా ఆగండి.